దంభోళివారి బలగుళిక

"కొత్తోళ్ళొచ్చినారు! బలగుళికియ్యండి!"

మరాళగిరి కోట దక్షిణద్వారం బురుజు మీదినుంచి కావలివాడు వేసిన కేక అది. కంచు మోగినట్టుంది. యువరాజు సుధన్వుడి చెవిలో ఉన్నదున్నట్టుగానే పడింది. పక్కనున్న బాణప్ప చెవిలో మాత్రం పడుతూ పడుతూ కాలు విరిగింది.

"ప్రభూ! విన్నారా? 'బలి! గుళ్ళోకియ్యండి!' అంటున్నాడు!"

"ప్రభువేమిటయ్యా, గొంతు తగ్గించు. శెట్టి అను. మనం ఇంగువ వర్తకులం."

"బలిచ్చేవాడికి శెట్టయితే ఏమిటి, ప్రభువైతే ఏమిటి? తల ఎవరిదైనా ఒక్కటే తెగుతుంది!"

బాణప్ప పేరులో బాణం, పొట్టలో బాన. కుముదావతి రాజనగరులో ఏళ్ళ తరబడి నగారా మోగించినవాడు. ఆ మోతకు తాళలేక ఎడమచెవి ఏనాడో కొలువు మానుకుంది. కుడిచెవి ఒక్కటే ఇద్దరి చాకిరీ చేస్తూ, అలసట కొద్దీ అప్పుడప్పుడు అక్షరాలు జారవిడుస్తుంది. ఈసారి జారవిడిచిన అక్షరం బాణప్ప ప్రాణం మీదికి వచ్చింది.

ఇంతలో ద్వారంలోంచి ఒక భటుడు వెండిపళ్ళెంలో ఎర్రగుడ్డ కప్పి తెచ్చాడు. వాడి నడుముకు కత్తి ఉంది. బాణప్ప పళ్ళేన్ని చూశాడు, కత్తిని చూశాడు, తన మెడను తడుముకున్నాడు. ఇంగువ మూటను భటుడి ముఖాన కొట్టి, బాణమై దూసుకుపోయాడు. వెంట బాన కూడా దూసుకుపోయింది.

"పారిపోతాండాడు! వేగులోడు! పట్టండ్రా!"

ఇక చూడాలి! కుండల అంగడిలోంచి దూరాడు, కుండలు పగిలాయి. రజకుల దండెం కింద నుంచి దూరాడు. పట్టుచీర చుట్టుకుని అవతల తేలాడు. గజశాలలో ఏనుగు కడుపు కింద నుంచి దొర్లాడు. ఇంగువ ఘాటుకు ఆ ఏనుగు తుమ్మింది. ఆ తుమ్ముకు భటులు వెల్లకిలా పడ్డారు. లేచి చూసేసరికి బాణప్ప లేడు. చీర ఒక్కటే గోడ మీద రెపరెపలాడుతోంది.

దొరకనివాడి బదులు దొరికినవాణ్ణి పట్టుకోవడం అన్ని రాజ్యాల భటులకూ ఉన్న అలవాటే. సుధన్వుడి రెక్కలు విరిచి కట్టారు.

"మీవోడు ఎందుకు పరిగెత్తినాడ్రా?" అని గద్దించాడు దక్షిణద్వారం దళవాయి ఓబన్న. మనిషి తాటిచెట్టంత. మీసాలు తాటిమట్టలంత.

"అయ్యా, అతడికి కొంచెం చెవుడు..."

"చెవుడుంటే కాళ్ళకేమొచ్చె? నడువు. రాణెమ్మ ముందర చెప్పుకో."

మరాళగిరి మామూలు నగరం కాదు. కొండ చుట్టూ మూడు పేటల ప్రాకారం, హంస రెక్క విప్పినట్టు వంపులు తిరిగి ఉంటుంది. మేడల మీద చంద్రకాంతశిలలు, వీధుల్లో సంపెంగ నీళ్ళు, తోరణాలలో పగడపు చిలుకలు. అయితే సుధన్వుడి కళ్ళు వీటి వేటి మీదా నిలవలేదు. గోడగోడకూ రంగురంగుల రాతలు: "దంభోళివారి బలగుళిక! పీనుగ తింటే ఏనుగు!" "దంభోళివారి నిద్రాగుళిక! కన్ను మూస్తే కైలాసం!" ఊళ్ళోకి వచ్చే ప్రతి కొత్తమనిషికీ మొదటి గుళిక ఉచితం. రెండోదానికి ఉచ్చు.

ఆ రాతలు నిజమా, కోతలా అన్నది తేల్చుకోవడానికే సుధన్వుడు మారువేషంలో వచ్చాడు. తండ్రి కుముదావతీశ్వరుడికి నిద్ర కరువైంది. కళ్ళు చింతనిప్పులయ్యాయి, చెయ్యి వణుకుతోంది, సభలో మంత్రిని పట్టుకుని "ఎవరు మీరు?" అన్నాడు. దంభోళి కబురు పంపాడు: నిద్రాగుళికలు కావాలా, గరుడకనుమ రాజముద్రిక ఇవ్వండి. ఆ ముద్రిక ఎవరి చేతిలో ఉంటే కనుమ తలుపులు వారికి తెరుచుకుంటాయి. తలుపులు తెరుచుకుంటే కుముదావతి మీదికి ఏ దండు అయినా దిగవచ్చు. ముసలిరాజు వణికే చేతితోనే ఉంగరం తీసి కొడుకు చేతిలో పెట్టాడు. "నాయనా, నీ కళ్ళతో చూడు. గుళిక నిజమైతే ముద్రిక ఇచ్చి తీసుకురా. ఒక్క రాత్రి పడుకుంటే చాలు నాకు."

నిద్ర కోసం ముద్ర! ఆ ఉంగరం ఇప్పుడు సుధన్వుడి తలపాగా మడతలో ఉంది.

దక్షిణద్వారం లోపలి మైదానంలో ఆనాడు బలప్రదర్శన. ముత్యాల గొడుగు కింద మహారాణి చారుహాసిని. పేరుకు తగ్గట్టే నవ్వుముఖం. బుగ్గలు నిద్ర నిండినవాళ్ళ బుగ్గల్లా నిగనిగలాడుతున్నాయి. ఆమె కుడివైపున పులితోలు మీద దంభోళి. వజ్రాయుధానికి దంభోళి అని పేరు. ఈయన విషయంలో మాత్రం దంభాల ఓళి, అంటే డాంబికాల వరస, అని విడదీసుకోవాలి. బొజ్జ మీద నెయ్యి కారుతున్నట్టు మెరుపు. వెనక ఆయన శిష్యబృందం, ఎండిన కందికట్టెల్లా.

దంభోళి సుధన్వుణ్ణి ఎగాదిగా చూసి ముక్కు ఎగబీల్చాడు. "మహారాణీ, ఈ శెట్టిగారిని విప్పించండి. పైన ఇంగువ వాసన, లోపల రాజవాసన. కుముదావతి యువరాజుగారే ఇంగువ కట్టిన గుడ్డలో దాక్కుని వచ్చారు. ముద్రిక తెచ్చారా, నాయనా?"

దాచి లాభం లేదు. సుధన్వుడు తలెత్తి ఉన్నమాట చెప్పాడు. కట్లు విప్పించింది రాణి.

"మారువేషం ఎందుకు బాబూ? నేరుగా వస్తే ఎదురొచ్చేదాన్ని. మీ నాన్నగారి బాధ నాకు తెలుసు. నేనూ నిద్ర లేక గోడల మీది బల్లులతో మాట్లాడినదాన్నే. ఈయన గుళిక వేసుకున్నాక ఒళ్ళు తెలియకుండా పడుకుంటున్నాను. ఆ రుణం తీర్చుకోలేనిది."

"బలగుళిక మాటేమిటి తల్లీ?"

"చూద్దువుగాని. ఓబన్నా!"

దక్షిణద్వారానికి ఒక ఇనపతలుపు ఉంది. ఏనుగులు గొలుసు లాగితే తప్ప పైకి లేవదు. ఓబన్న, అతడి దళం తలపాగాలు బిగించారు. "జై గడపమ్మ తల్లీ!" అని ఒక్క అరుపు. భుజాలు తలుపు కిందికి పోయాయి. నరాలు తాళ్ళలా ఉబ్బాయి. ఇనుము మూలిగింది. తలుపు లేచింది! చీలమండ దాకా, మోకాటి దాకా, తలదాకా! గజశాలలో ఏనుగులు సిగ్గుతో తొండాలు దించుకున్నాయి.

"చూశారా!" దంభోళి లేచి నిలుచున్నాడు. "నాలుగు ద్వారాలకూ నా గుళికలే. అందులో వీళ్ళు అగ్రగణ్యులు. నా గుళికకు నిలువెత్తు సాక్ష్యం ఈ దక్షిణద్వారం దళమే!"

సుధన్వుడి కళ్ళు చెమర్చాయి. ఇంక సందేహం ఏముంది? తండ్రి పడుకుంటాడు. తండ్రి మళ్ళీ మనుషుల్ని గుర్తుపడతాడు. "ఆచార్యా, మీకు జన్మంతా కృతజ్ఞుణ్ణి" అని తలపాగా మడతలోంచి ఉంగరం తీసి చేయి చాచాడు.

సరిగ్గా అప్పుడే మైదానం మూలనున్న చిన్న గుడి వెనక నుంచి ఫెళఫెళమని చప్పుడు. ఆపైన జలజలమని హోరు. ఎర్రటి వరద ఒకటి గుడి పక్కనుంచి మైదానంలోకి దొర్లుకొచ్చింది. నీళ్ళు కావవి, గుళికలు! గుళికల మీద తేలుతూ, పొర్లుతూ, జారుతూ బాణప్ప!

"బలివ్వకండి! నేను బక్కవాణ్ణి!" అని అరుస్తున్నాడు. ఆ పొట్ట చూసి నమ్మినవాడు ఒక్కడూ లేడు.

జరిగింది ఇది. దాక్కోవడానికి చోటు వెతికిన బాణప్పకు గోడవారగా పెద్ద వెదురుగాదె కనబడింది. దూకాడు. అది గుడి వెనకభాగమని ముందునుంచి చూస్తే కదా తెలిసేది! గుళ్ళోకి పంపుతారని పారిపోయినవాడు నేరుగా గుడికే వచ్చాడు. గాదె నిండా గుళికలు. బాన బరువుకు వెదురు విచ్చింది.

దంభోళి ముఖం గుళికలకన్నా ఎర్రబడింది. "దొంగలు! నా ఔషధాన్ని దోచి దాచారు! మహారాణీ, ఈ గుడి దక్షిణద్వారం వాళ్ళది. వీళ్ళ చేతులు నరికించండి!"

ఓబన్న మోకాళ్ళ మీద పడ్డాడు. 

"తల్లీ, తప్పయితే తలలు తీసెయ్యండి. దొంగతనం అని మాత్రం అనొద్దండి. మా దక్షిణవాడలో పుట్టినోడెవడూ తొలిముద్ద గడపమ్మకు పెట్టంది నోట్లో ఏమీ ఎయ్యడు. సంకటైనా అంతే, సారాయైనా అంతే. సంకటిలో ముద్ద తీసి అమ్మకు పెడితే మిగతాది మాకు మిగుల్తాది. ఈ గుళిక ఉండేదే ఒక్కటి. దానికి తొలిముద్ద యాడ, మలిముద్ద యాడ? అంతా తొలిముద్దే."

"అంటే?" రాణి ముందుకు వంగింది.

"దినామూ గుళిక అమ్మకు పెట్టి, దండం పెట్టుకుని, గుళిక మీద తాగమన్న అనుపానం మేం తాగినాం. అన్నం పెడితే కాకులు తింటాయి. గుళికల్ని కాకి గూడా ముట్టలే. అమ్మ సొమ్ము పారబొయ్యగూడదని గాదెలో పోస్తా వచ్చినాం. మాలో ఏ ఒక్కడూ దాని రుచి ఎరగడు తల్లీ!"

 

సుధన్వుడు చాచిన చేయి వెనక్కి తీసుకున్నాడు. "ఆచార్యా, మీ సాక్షులు మీ మందే తినలేదట."

దంభోళి రెప్ప వేయలేదు. అబద్ధాన్ని అమ్ముకునేవాడికి మాట తడబడితే పూట గడవదు. "అదే కదా నా గుళిక మహిమ! దేవత తిన్నది. ఆమె శక్తి వీళ్ళకు వచ్చింది. ముట్టకుండానే ఇంత పని చేస్తే, మింగితే ఇంకెంత చేస్తుందో ఊహించుకోండి!"

జనంలో కొందరు తల ఊపారు కూడా! సుధన్వుడు శిష్యుల వైపు తిరిగాడు.

"మీరు గుళికలు వేసుకుంటారా?"

"దోసిళ్ళతో వేసుకుంటాం ప్రభూ" అన్నాడు ముందున్న కందికట్టె, ఆకలి గొంతుతో. "మాకు అవే పెడతారు."

"మరి అనుపానం? పాలు, నెయ్యి?"

 శిష్యుడి చూపు మెల్లగా వెళ్ళి గురువుగారి బొజ్జ మీద వాలింది. మైదానంలోని చూపులన్నీ అక్కడే వాలాయి.

"అయితే మహారాణీ, పరీక్ష తేలికే. ఒకవైపు గుళికే తప్ప అనుపానం ఎరగనివాళ్ళు ఉన్నారు. రెండోవైపు అనుపానమే తప్ప గుళిక ఎరగనివాళ్ళు. లాగుడుపందెం పెట్టించండి."

"ఓబన్నతోనా? కాయలు రాలినట్టు రాలిపోతారు పాపం" అంది రాణి. "అనుపానం ఎవరు కాస్తారు?"

"సాలమ్మత్త!" అన్నారు దళంవాళ్ళు ఒక్కగొంతుతో.

సైన్యపు వంటశాల పెద్ద సాలమ్మ. తల నెరిసింది, నడుము వంగలేదు. సంకటి కెలికే తెడ్డు చేతిలో ఉండగానే జనాన్ని తోసుకుని వచ్చి, ముందు దంభోళి పాదాలకు దండం పెట్టింది.

"నన్నెందుకు పిలుస్తారు సామీ? నేను చేసేదేముంది? మహానుభావుడు చెప్పినట్టు రాగిసంకటి, ఉలవచారు, ఎముకల రసం, చెంబెడు గేదెపాలు పోస్తా. గుళిక పని చెయ్యాలంటే పిల్లోళ్ళు దీపాలేళకే పడుకోవాలన్నాడు, తెల్లారుజామున కొండ చుట్టూ ఉరకాలన్నాడు. తెడ్డు చూపించి చేయిస్తాండా. బలమంతా గుళికదే."

"సాలమ్మా, నువ్వెప్పుడైనా గుళిక వేసుకున్నావా?" అని అడిగింది రాణి.

"అయ్యో, అంత ఖరీదు మందు నాకెందుకమ్మా? నేను కుండ అడుగు గీక్కుంటా."

"ఆ తెడ్డు ఒక కొస నువ్వు పట్టుకో. ఇంకో కొస ఆచార్యులవారి శిష్యులందరూ పట్టుకుంటారు."

"పాపం పిల్లోళ్ళు..." అంటూ సాలమ్మ కొస పట్టుకుంది. శిష్యులు బారుగా నిలిచి లాగారు. సాలమ్మకు అది లాగడమని తెలియలేదు. అలవాటు చొప్పున సంకటి కెలికినట్టు తెడ్డు ఒక్క తిప్పు తిప్పింది. శిష్యబృందం గుండ్రంగా తిరిగి, గుళికల మీద జారి, గురువుగారి పులితోలు మీద కుప్పగా పడింది.

"అయ్యయ్యో! దెబ్బ తగిలిందా నాయనా?" అని సాలమ్మ పరుగున వెళ్ళి కొంగు మూటలోని సంకటి ముద్ద విరిచి వాళ్ళ నోళ్ళలో పెట్టింది. ఒక శిష్యుడు నమలకుండానే ఏడ్చాడు.

"మాత్ర నామమాత్రం" అన్నాడు సుధన్వుడు. "గుళికలో లేనిది గుటకలో ఉంది, మహారాణీ. మందులన్నీ బూటకమని నేననను. పాము కరిచినప్పుడు మా వైద్యుడి పసరే నన్ను బతికించింది. అందుకు ఈనాటికీ ఆయనకు దండం పెడతాను. ఆయన ఆ పసరును పాముకాటుకు ఒక్కదానికే ఇస్తాడు. గోడల మీద రాయడు."

రాణి బుగ్గ మీద వేలు పెట్టుకుంది. "మరి నా నిద్ర?"

"గుళికతో పాటు ఏమి చేయమన్నారు తల్లీ?"

"చీకటి పడకముందే భోంచెయ్యమన్నారు. దీపాలు పెట్టాక మంత్రుల తగాదాలు వినకూడదన్నారు. అరికాళ్ళకు ఆముదం మర్దన, జాజికాయ అరగదీసిన పాలు..." చెబుతూ చెబుతూ ఆమె నవ్వేసింది. "ముందు రోజుల్లో అర్ధరాత్రి దాకా ఇద్దరు మంత్రులు నా మంచం కాళ్ళ దగ్గరే కొట్టుకునేవారు! రేపటినుంచి గుళిక మానేసి మిగిలినవన్నీ చేస్తాను. నిద్ర ఎవరి చలవో తేలిపోతుంది."

సుధన్వుడికి తండ్రి శయనాగారం కళ్ళముందు మెదిలింది. వెలుగుతున్న దివిటీలు, పొద్దుపోయేదాకా వేగుల విన్నపాలు, కునుకు రాకుండా శొంఠి, మిరియాల కషాయం. పథ్యమే తథ్యం, మాత్ర మిథ్య! అతడు సాలమ్మ పాదాలకు వంగాడు. "అమ్మా, నా తండ్రి కంటినిండా నిద్రపోయిననాడు అది నీ చేతి చలవ."

అతడి వెనక ఓబన్న, ఓబన్న వెనక దక్షిణద్వారం దళమంతా నేల మీద సాగిలపడింది.

సాలమ్మ తెడ్డు జారవిడిచింది. "అయితే... ఇన్నాళ్ళూ నా చేతి ముద్దేనా?" అంది మెల్లగా. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. వెంటనే తేరుకుని, "లెయ్యండ్రా! మట్టి అంటుకుంటే మళ్ళా నేనే కదా ఉతికించాల!" అని కసిరింది.

ఈ దండాల సందడిలో దంభోళిని అందరూ మరిచారు. అదే కొంప ముంచింది. వాడు ఎగిరి సుధన్వుడి వేళ్ళ మధ్యనుంచి ముద్రిక లాక్కుని ఈల వేశాడు. ఆకాశం నల్లబడింది. రథమంత గుడ్లగూబ, కాగడాల్లాంటి కళ్ళతో మైదానం మీదికి దిగింది. నిజమైన మాయ తెలిసి కూడా వీడు గుళికలు ఎందుకు అమ్ముకున్నాడంటే, మాయకు శ్రమ ఎక్కువ, గుళికకు లాభం ఎక్కువ!

"గరుడకనుమ తలుపు నాదిరా!" దంభోళి దాని మెడ మీదికి ఎక్కాడు. "రేపటికి నీ తండ్రికి శాశ్వతనిద్ర!"

రెక్కలు లేచాయి. సుధన్వుడు లంఘించి ఒక కాలు పట్టుకున్నాడు. "ప్రభూ, నన్నొదిలి పోకండి! ఇక్కడ బలి!" అంటూ బాణప్ప రెండోకాలు కౌగిలించుకున్నాడు. గూబ మూలిగింది, ఒరిగింది, అయినా లేచింది. కోటగోడ కిందికి పోయింది, మేడలు కిందికి పోయాయి.

"పిల్లోళ్ళు తినకుండా పోతాండారే!" సాలమ్మ కేక. మోదుగాకులో కట్టిన సంకటి ముద్ద కింద నుంచి రివ్వున ఎగిరి వచ్చింది. తిండి తన వైపు వస్తే బాణప్ప చెయ్యి గురి తప్పదు. పట్టేశాడు. కట్టు విప్పాడు. ఉలవచారు వాసన గుప్పుమంది.

అప్పుడొక వింత జరిగింది. గూబ తల మెల్లగా వెనక్కి తిరిగింది, పూర్తిగా. కాగడా కళ్ళు సంకటి మీద నిలిచాయి. పాపం, దానికీ ఇన్నాళ్ళూ గుళికలే పెట్టాడు ఆ పిసినారి! ముక్కు తెరిచింది. ఎగరడం మరిచి గాలిలోనే గిరికీలు కొట్టింది. మెడ మీది దంభోళి "ముందుకు చూడవే!" అని గూబ మీద గుద్దుతున్నాడు.

"బాణప్పా, తినకు!" సుధన్వుడు అరిచాడు. "అదే మన పగ్గం! ముద్ద ఎటు చూపిస్తే గూబ అటు తిరుగుతుంది!"

"ప్రభూ, ఒక్క ముక్క అమ్మకు పెట్టనివ్వండి. ఆమె గాదె నన్ను దాచింది." బాణప్ప చిటికెడు గిల్లి కిందికి వదిలాడు. గిరికీల మధ్య కోట మళ్ళీ దగ్గరైంది. ఆ మెతుకు గడపమ్మ గుడి కప్పు మీద పడింది. కాకులు ఎగబడ్డాయి. గుళికలు ముట్టని ఆ కాకులు ఈ మెతుకును మాత్రం వదల్లేదు.

బురుజు మీదికి పరుగెత్తుకొచ్చిన మహారాణి నోటికి చేతులడ్డం పెట్టి కేక వేసింది: "నాయనా బాణప్పా! నువ్వు పారిపోకపోతే మా కళ్ళు తెరుచుకునేవి కావు! ఇంతకీ ఎందుకు పరుగెత్తావయ్యా?"

"ఏమిటీ?"

"ఎందుకు ప రు గె త్తా వు?"

"'బలి, గుళ్ళోకియ్యండి' అన్నాడుగా మీ కావలివాడు!"

 బురుజు మీది కావలివాడు రెండుచేతులూ ఎత్తి, కంచుగొంతుతో అక్షరం అక్షరం విడదీసి అరిచాడు: "బలి కాదు సామీ! బ ల గు ళి క! 'బలగుళిక ఇయ్యండి' అంటి! ఊరికే ఇచ్చే మందు!"

నవ్వు అలలా ప్రాకారం చుట్టూ తిరిగింది. ఓబన్న మీసాలు అదిరాయి, రాణి గొడుగు కర్ర పట్టుకుని నవ్వింది, శిష్యులు సంకటి నోళ్ళతోనే నవ్వారు. కాలికి వేలాడుతున్న సుధన్వుడు నవ్వలేక, నవ్వు ఆపుకోలేక పట్టు జారబోయాడు.

బాణప్ప చేతిలోని ముద్దను చూసుకున్నాడు, కింద ఎర్రగా పరుచుకున్న గుళికలను చూశాడు.

"అయితే ప్రభూ, నేను తప్పు విన్లేదు" అన్నాడు, ముద్దను గరుడకనుమలోని తమ దండు వైపు చాచి గూబ తల అటు తిప్పుతూ. "వాడే తప్పు అరిచాడు. ఆ మందుకు నేను విన్న పేరే సరైంది!"